మిగిలిన గోళీలు

ఆ ఆసుపత్రికి డాక్టర్లు వస్తుంటారు, పోతుంటారు. మందుల కిటికీ మాత్రం పంతొమ్మిదేళ్లుగా ఆమెదే. వసారా చివర నడుమెత్తున రెండు జానల వెడల్పు కిటికీ. చీటీ లోపలికి వెళ్తుంది, మందు బయటికి వస్తుంది. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆమె కిటికీ అక్క. ఆమె చేతులూ ముఖమూ తప్ప ఎవరూ చూసి ఎరగరు. ఒకసారి బస్టాపులో కనబడితే డ్రైవరు మామయ్య నోరు తెరిచాడు.

"అక్కా, నీకు కాళ్ళు కూడా ఉన్నాయే!"

ఆమె నవ్వింది. ఆ కిటికీ అంటే ఆమెకు లోలోపల గర్వం. పెళ్ళి కుదరలేదు, చదువు సగంలో ఆగింది. అన్నకు సొంత ఇల్లు, పిల్లలు. ఆమెకు అమ్మా, ఈ కిటికీ. వీధిలో నలుగురు నిలబడి పలకరించేది కిటికీ వల్లేనని ఆమెకు తెలుసు.

పాత డాక్టరును అందరూ గుప్పెడు డాక్టరు అనేవారు. ముక్కు కారితే గుప్పెడు మందులు, గొంతు గీరితే గుప్పెడు మందులు. అందులో ఎరుపూ పసుపూ కలిసిన గోళీ తప్పకుండా ఉండేది. జనానికి మందంటే అదే. ఆ రంగుల గోళీ లేని చీటీ చూస్తే "డాక్టరుగారికి ఇవాళ ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవారు.

ఆయన వెళ్ళాక ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. పీలగా ఉండేది, గట్టిగా మాట్లాడేది కాదు. వచ్చిన మొదటి వారమే పాత చీటీలన్నీ ముందేసుకుని కూర్చుంది. లెక్క తేల్చాక కిటికీ అక్కను పిలిచింది.

"అక్కా, దగ్గుతో వచ్చిన వందమందిలో ఎనభైమందికి యాంటీబయాటిక్ ఇచ్చారు. నిజంగా అవసరమైనవాళ్ళు పదిమంది ఉంటే ఎక్కువ."

"ఇవ్వకపోతే ఊరుకోరమ్మా."

"జలుబు క్రిమికి ఈ గోళీ తగలదక్కా. ఒంట్లో ఉండే వేరే క్రిములకి తగులుతుంది. చావనివి మొండికెత్తుతాయి. రేపు నిజంగా ఊపిరితిత్తులకి చీము పట్టిన రోజున ఇదే గోళీ ఇస్తే, అవి చూసి నవ్వుతాయి."

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తితే ఏదో ఒక రోజు గొడ్డలి మొద్దుబారుతుందన్నమాట. కిటికీ అక్కకు అర్థమైంది. అర్థమైనదాన్ని జనానికి చెప్పడం ఆమెకు బాగా వచ్చు. చీటీలో రంగుల గోళీ లేదని ఎవరైనా మూతి ముడిస్తే కిటికీలోంచి తల బయటపెట్టి "జలుబుకి మందేస్తే వారం, వెయ్యకపోతే ఏడు రోజులు. ఏది కావాలో నువ్వే చెప్పు" అనేది. వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వేవారు. నవ్వితే సగం కోపం పోయినట్టే.

అయినా డాక్టరమ్మకు పేరు పడనే పడింది. వేడినీళ్ళ డాక్టరమ్మ. ఆమె ఏ చీటీ చివరైనా వేడినీళ్ళు తాగమనీ, ఆవిరి పట్టమనీ రాసేది. దాని కింద గీత గీసి, జ్వరం మూడురోజులు దాటినా, ఆయాసం వచ్చినా వరసలో నిలబడకుండా నేరుగా లోపలికి రమ్మని రాసేది. పైన ఉన్నది అందరూ చదివారు, వెక్కిరించారు. గీత కింద ఉన్నది ఎవరూ చదవలేదు.

డాక్టరమ్మ రెండు పనులు చేసింది. గోడమీద గళ్ళ కాగితం అంటించి, ప్రతి నెలా దగ్గులకు ఎన్ని యాంటీబయాటిక్‌లు రాసిందో చుక్క పెట్టేది. చుక్కలు కలిపితే గీత దిగుతూ వచ్చింది. రెండోది, కిటికీ కింద ఆకుపచ్చ రేకు పెట్టె బిగించింది. పైన సన్నని చీలిక, ముందు తాళం. "ఇంట్లో మిగిలిన మందులు ఇందులో వెయ్యండి" అని రాయించింది. మనవాళ్ళు గోళీలు సగం వాడి, తగ్గగానే ఆపి, మిగిలినవి వచ్చే దగ్గుకి దాచుకుంటారు, అక్కడే ముప్పు అని ఆమె వాదన. నెలకోసారి పెట్టె తీసి, లెక్క రాసి, సంచిలో కట్టి, కాల్చేచోటికి పంపాలి. తాళంచెవి కిటికీ అక్కకిచ్చింది.

"మీ మాట జనం వింటారు. మీరు లేకపోతే నా వల్ల అయ్యేది కాదక్కా" అంది ఒకరోజు.

ఆ మాటకు కిటికీ అక్క ఆ రోజంతా నేలమీద నడవలేదు.

మొదటి నెల పెట్టె తీసిన మధ్యాహ్నం ఆమె స్టోరుగదిలో ఒక్కతే ఉంది. గోళీల అట్టలు బల్లమీద కుప్పగా పడ్డాయి. కొన్ని పూర్తిగా విప్పని అట్టలు. తారీకు చూసింది. ఇంకా ఏడాదిన్నర గడువు. నిగనిగలాడుతున్న ఎరుపూ పసుపూ. వీటిని కాల్చాలా? కంచంలో మెతుకు వదిలినా పాపమని పెంచిన తల్లి కడుపున పుట్టింది ఆమె. మంచి మందుని మంటలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. మంచివన్నీ ఏరి పక్కన పెట్టింది. చిరిగినవీ, గడువు దాటినవీ లెక్క రాసి, సంతకం పెట్టి, సంచి కట్టింది. ఏరినవి చేతిసంచిలో ఇంటికొచ్చాయి. ఆ తర్వాత నెలనెలా అంతే. దొంగతనం చేశానని ఆమెకు అనిపించలేదు. పారెయ్యబోయేదాన్ని కాపాడానని అనిపించింది.

ఇంట్లో బీరువా మీద గుండ్రటి బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో రంగులవారీగా సర్దింది. వీధిలో ఆ సంగతి తెలియడానికి రెండు రోజులు పట్టలేదు. ముందు అన్న వచ్చాడు, గొంతు నొప్పని. తర్వాత ఎదురింటి కుట్టుమిషను పిన్ని.

"మీ డాక్టరమ్మ వేడినీళ్ళిచ్చిందే అమ్మాయ్. వేడినీళ్ళు మా ఇంట్లో లేవా, అక్కడిదాకా వెళ్ళి తాగడానికి? ఏదీ, ఆ డబ్బా దించు."

"పిన్నీ, ఇవి ఊరికే వేసుకోకూడదు."

"ఊరికే ఎందుకేసుకుంటాను? దగ్గొచ్చిందనే కదా!"

పగలంతా కిటికీలోంచి వద్దని చెప్పిన నోటితోనే ఆమె "పొద్దునొకటి, సాయంత్రమొకటి" అని చెప్పి చేతిలో పెట్టేది. ఆసుపత్రిలో ఆమె డాక్టరమ్మ మనిషి. వీధిలో ఆమే డాక్టరు. రెండింటిలో ఏదీ వదులుకోబుద్ధి కాలేదు. అమ్మ అయితే మురిసిపోయేది.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా పెరటి చెట్టు చూడండర్రా, వీధి మొత్తానికి వైద్యం చేస్తోంది" అని గుమ్మంలో కూర్చుని అందరికీ చెప్పేది.

అమ్మకు ఏటా నాలుగైదుసార్లు దగ్గు వచ్చేది. వచ్చినప్పుడల్లా డబ్బా దిగేది. రెండు రోజులు వేసుకోవడం, తేలికపడగానే ఆపడం, మిగిలినవి మళ్ళీ డబ్బాలో వెయ్యడం. గోడమీద డాక్టరమ్మ గీత మాత్రం నెలనెలా దిగుతూనే ఉంది. పైనుంచి వచ్చిన అధికారి ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నాడు. డాక్టరమ్మ కళ్ళు మెరిశాయి. కంచే చేను మేస్తున్న సంగతి కంచెకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ కంచె కూడా తాను మేస్తున్నది గడ్డే అనుకుంది.

ఆ ఏడు చలి ముదిరినప్పుడు అమ్మకు జలుబు పట్టింది. కిటికీ అక్క స్వయంగా ఆసుపత్రికి తీసుకొచ్చి, అందరూ చూసేలా వరసలో నిలబెట్టింది. డాక్టరమ్మ వీపుమీద గొట్టం పెట్టి, నాలుగుచోట్ల విని, ఊపిరి లెక్కపెట్టింది.

"రొమ్ము శుభ్రంగా ఉంది పెద్దమ్మా. ఇది మామూలు జలుబు. వేడినీళ్ళు తాగండి, పడుకోండి. జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే రండి."

"ఇంతేనా?" అంది అమ్మ.

"ఇంతే."

ఇంటికి రాగానే అమ్మ చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది. "గంట నిలబెట్టి వీపు చూసి పంపింది. నా వీపు నాకు తెలీదా? ఏమే, ఆ డబ్బా తియ్యి."

"అమ్మా, ఈసారి వద్దు. రెండు రోజులు చూద్దాం."

"చూడు చూడు. వీధిలో వాళ్ళందరికీ ఇస్తావు, కన్నతల్లికైతే రూల్సు గుర్తొస్తాయి."

ఆ మాట తగలాల్సినచోటే తగిలింది. ఆమె కుర్చీ వేసుకుని డబ్బా దించింది. పొద్దునొకటి, సాయంత్రమొకటి. నాలుగు రోజులకు అమ్మ లేచి తిరిగింది. "చూశావా?" అంది. ఎలాగూ తగ్గేరోజుకి తగ్గిందని ఆమెకు తెలుసు. అనలేదు. మిగిలిన రెండు గోళీలూ డబ్బాలో వేసింది.

ఐదు రోజులు గడిచాయి. ఒక ఉదయం అమ్మ మంచం దిగలేదు. ఒళ్ళు కాలుతోంది. మాట్లాడితే మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీలుస్తోంది. ఈసారి వరస లేదు. నేరుగా లోపలికే. డాక్టరమ్మ కుడివైపు వీపు కింద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ముఖం మారింది.

"ఇక్కడ నెమ్ము చేరింది. ఇది ఊపిరితిత్తుల జబ్బే. ఇప్పుడు యాంటీబయాటిక్ కావాలి." కలం తీసింది. తీసి ఆగింది. "అక్కా, ఈ మధ్య అమ్మగారు ఏమైనా యాంటీబయాటిక్ వాడారా? ఈ రెండు మూడు నెలల్లో? వాడి ఉంటే నేను వేరేది రాయాలి."

బల్ల అవతల గోడమీద గళ్ళ కాగితం ఉంది. గీత దాదాపు అట్టడుగున ఉంది. కిటికీ అక్క దాన్నే చూసింది.

"లేదమ్మా."

"ఒక్కటి కూడా?"

"లేదు."

"మంచిది. అయితే మామూలుదే పనిచేస్తుంది. పెద్దాసుపత్రిలో చేరుస్తారా?"

"నే వెళ్ళను. నా మంచంమీదే ఉంటాను" అంది అమ్మ ఆయాసపడుతూ.

"సరే. కానీ రెండు రోజుల్లో జ్వరం దిగకపోతే ఒక్క పూట కూడా ఆగొద్దు" అని డాక్టరమ్మ చీటీ రాసింది.

ఆ చీటీ తీసుకుని కిటికీ అక్క తన కిటికీ వెనక్కి వెళ్ళింది. అరలోంచి తీసి లెక్కపెట్టింది. ఎరుపూ పసుపూ. కవరుమీద తన చేత్తోనే వేళలు రాసింది. బయట బెంచీమీద కూర్చున్న అమ్మ కవరు తెరిచి చూసి, నీరసంగా నవ్వింది.

"ఇవేగా మన ఇంట్లోవి. దీనికి ఇంతదూరం తీసుకొచ్చావా?"

డాక్టరమ్మ పక్కగదిలో చేతులు కడుక్కుంటోంది. కుళాయి చప్పుడు వినిపిస్తోంది. కిటికీ నుంచి ఆ గదికి పది అడుగులు. వెళ్ళి "అమ్మా, ఇవే వాడింది, ఏడాదంతా వాడింది" అంటే చాలు. ఎక్కడివి అని అడుగుతుంది. పెట్టెలోవి అని చెప్పాలి. పెట్టెలోవన్నీ కాల్చడానికి పంపేశానని నెలనెలా సంతకాలు పెట్టింది తనే. మందు మందే కదా, ఈసారి పూర్తిగా వేస్తే ఎందుకు తగ్గదు అనుకుంది. కుళాయి ఆగింది. ఆమె అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

మొదటిరోజు జ్వరం దిగలేదు. రెండోరోజూ దిగలేదు. మందు పట్టడానికి టైము పడుతుందిలే అని అన్న అన్నాడు. అవునేమోనని ఆమె కూడా తల ఊపింది. డాక్టరమ్మ రెండు రోజులే చెప్పిందని గుర్తుండి కూడా ఊపింది. మూడోరోజు మధ్యాహ్నానికి అమ్మ పెదవులు నల్లబడ్డాయి.

పెద్దాసుపత్రిలో కఫం పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేసరికి ఇంకో రెండు రోజులు. అందులో మందుల పేర్లు వరసగా ఉన్నాయి. పక్కన ఒక్కో అక్షరం. ఏ అక్షరానికి ఏమిటర్థమో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి పేరు రంగుల గోళీదే. అమ్మ ఒంట్లో క్రిమి దీనికి లొంగదు. దాని కిందది, డబ్బాలో తెల్లటి పొడుగు మాత్ర. లొంగదు. దాని కింద గులాబీరంగుది. లొంగదు. తన బిస్కెట్ల డబ్బాని ఎవరో అచ్చువేసి ఇచ్చినట్టుంది ఆ కాగితం.

అక్కడి డాక్టరు ఇంజెక్షన్ మార్చాడు. "ఇది మూడు రోజుల ముందే పడాల్సింది" అన్నాడు. తిట్టినట్టు అనలేదు. మామూలుగానే అన్నాడు. మర్నాడు ఉదయం అమ్మ పోయింది.

పరామర్శకు డాక్టరమ్మ వచ్చింది. గుమ్మంలోనే అన్న అడ్డుపడ్డాడు.

"మొదటిరోజే మందిచ్చి ఉంటే మా అమ్మ బతికేది. వేడినీళ్ళు తాగమని పంపావు. ఇప్పుడేం చూడ్డానికొచ్చావు?"

డాక్టరమ్మ ఏదో అనబోయి, లోపల గోడకానుకుని కూర్చున్న కిటికీ అక్కవైపు చూసింది. కిటికీ అక్క తల వంచుకుంది. డాక్టరమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. "వెళ్ళు వెళ్ళు, వేడినీళ్ళు కాచుకో" అని వీధిలోంచి ఎవరో అన్నారు.

అన్న కాగితం రాశాడు. వీధివాళ్ళు సంతకాలు చేశారు. కుట్టుమిషను పిన్ని చేసింది. డ్రైవరు మామయ్య చేశాడు. అందులో "మొదటిసారి జబ్బు చేసినప్పుడు మా అమ్మకు ఏ మందూ పడలేదు" అని ఉంది. ఎవరూ అబద్ధమని అనుకోలేదు. డబ్బాలో గోళీలు వాళ్ళ లెక్కలో మందులు కావు. అవి ఇంట్లోవి.

విచారణకు అధికారి వచ్చాడు, గీత ఉన్న కాగితాన్ని ఫోటో తీసుకున్న ఆయనే. డాక్టరమ్మ గదిలో డాక్టరమ్మ కుర్చీలోనే కూర్చున్నాడు. డాక్టరమ్మ నిలబడింది. అన్న గుమ్మంలో ఉన్నాడు.

"మొదటిసారి వచ్చినప్పుడు రొమ్ములో ఏమీ లేదు. రాసి పెట్టాను" అంది డాక్టరమ్మ. "రెండోసారి, ఇంతకుముందు ఏమైనా వాడారా అని అడిగాను. లేదన్నారు. ఆ మాట మీదే మందు రాశాను. కానీ ఆ రిపోర్టు చూస్తే తరచుగా వాడినట్టే ఉంది."

అధికారి కిటికీ అక్కవైపు తిరిగాడు. "నువ్వు ఆసుపత్రి మనిషివి, ఆవిడ కూతురివి. నీకన్నా ఎవరికి తెలుస్తుంది? చెప్పమ్మా. మీ అమ్మ ఇంట్లో ఏమైనా మందులు వాడేదా?"

ఇదే ప్రశ్న రెండోసారి. మొదటిసారి అబద్ధానికి అమ్మ పోయింది. ఇప్పుడు నిజం చెబితే అమ్మ రాదు. కిటికీ పోతుంది. అన్న ముఖం ఎలా మారుతుందో ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. రేపటినుంచి వీధిలో అమ్మని చంపిన కూతురు. చెప్పకపోతే డాక్టరమ్మ పోతుంది. డాక్టర్లు వస్తుంటారు, పోతుంటారు.

"లేదండీ" అంది. "ఏ మందూ వాడలేదు."

డాక్టరమ్మ ఆమెను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. జ్వరం ఎంత ఉందో చూసినట్టు చూసింది.

పదిహేను రోజుల్లో డాక్టరమ్మకు బదిలీ కాగితం వచ్చింది. వెళ్ళే రోజు ఉదయం కిటికీ దగ్గరికొచ్చింది. పంతొమ్మిదేళ్లలో ఏ డాక్టరూ ఆ కిటికీకి బయటివైపు నిలబడలేదు.

"అక్కా, పెట్టెలో ఈ నెలవి అలాగే ఉన్నాయి."

"పంపిస్తానమ్మా."

"మీ కుట్టుమిషను పిన్ని నిన్న వచ్చింది. దగ్గని. నేను రాయలేదని, 'మీరివ్వకపోయినా మాకు అక్క డబ్బా ఉందిలెండి' అంది." కిటికీ కింది ఆకుపచ్చ పెట్టెమీద చెయ్యి వేసింది. "మీ వీధివాళ్ళు దగ్గుకని నా దగ్గరికి రావడం మానేస్తే, అర్థం చేసుకున్నారనుకున్నాను. ఆ గీత చూసి ఎంత సంతోషపడ్డానో."

కిటికీ అక్క తేలు కుట్టిన దొంగలా అలాగే కూర్చుంది. పైవాళ్ళకి చెబుతారా అని అడగాలనుకుంది. ఆ ప్రశ్న వినబడినట్టే డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు చెబితే నన్ను కాపాడుకోవడానికి చెప్పినట్టుంటుంది. ఎవరూ నమ్మరు. చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు."

సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు వరసలో ఉన్నవాళ్ళు ఆమెకు దారి కూడా ఇవ్వలేదు.

కొత్త డాక్టరు కులాసా మనిషి. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టకుండానే చీటీ రాసేస్తాడు. ఆకుపచ్చ పెట్టె మీద చీలికకి కాగితం అంటించారు. గోడమీద గళ్ళ కాగితం తీసి, దాని వెనకవైపు సెలవుల జాబితా రాసుకున్నారు. వరస త్వరగా కదులుతోంది. అందరి చేతుల్లో ఎరుపూ పసుపూ. "ఇన్నాళ్ళకి మళ్ళీ మందులున్న డాక్టరొచ్చాడు" అని డ్రైవరు మామయ్య కిటికీలోకి తొంగి చూసి మరీ చెప్పాడు. ఆమె లెక్కపెట్టి ఇస్తూనే ఉంది. జలుబుకి వారం, ఏడు రోజులు అనే మాట ఆమె నోట మళ్ళీ ఎవరూ వినలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్న వచ్చాడు. దగ్గుతున్నాడు. అమ్మ కూర్చునే గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఇవాళ ఆసుపత్రి సెలవు కదే. ఆ డబ్బా తియ్యి చెల్లీ."

"అన్నయ్యా, వద్దు."

"ఏం?"

ఎందుకు వద్దో చెప్పాలంటే మొదటినుంచి చెప్పాలి. ఆమె నోరు తెరిచింది. అన్న అప్పటికే మాట్లాడుతున్నాడు.

"నేను ఎప్పుడూ నీతో అనలేదు గానీ, అమ్మ విషయంలో నువ్వు చెయ్యగలిగిందంతా చేశావే. ఆ డాక్టరమ్మ ఇవ్వకపోయినా ఇంట్లోవి తీసి నువ్వు వేశావు. నీ గోళీలే లేకపోతే అమ్మ ఆ ఐదు రోజులు కూడా లేచి తిరిగేది కాదు."

అన్న దగ్గుతూ అరచెయ్యి చాపాడు. కాసేపటికి ఆమె కుర్చీ బీరువా దగ్గరికి లాక్కుని ఎక్కింది. మూత తీసింది. పైనే ఉన్నాయి, అమ్మకి మిగిలిన రెండు.

"పొద్దునొకటి" అంది, "సాయంత్రమొకటి."